మద్రాసు రైలెక్కే ముందే తేల్చుకోవాల్సిన లెక్క: రిటైరైనవాళ్లకు ఆరోగ్య బీమా పోలిక

నెల్లూరులో పెద్దవాళ్లకు ఒంట్లో బాగాలేకపోతే ముందు డాక్టర్లంతా ఉండే పొగతోట. అక్కడి డాక్టరు తల అడ్డంగా ఊపితే ఊళ్లోనే ఉన్న పెద్దాసుపత్రుల్లో ఒకటి. అక్కడా తేలకపోతే పినాకినీ రైలో, అద్దె కారో ఎక్కి మద్రాసు. ఊరి పేరు చెన్నై అయి ఎన్నేళ్లయినా జబ్బు చేసినప్పుడు మాత్రం మా నోట మద్రాసే వస్తుంది. దాదాపు 175 కిలోమీటర్లు. ఒంగోలు వాళ్లకు ఇంత తిన్నని దారి లేదు. ఒకరు గుంటూరంటారు, ఒకరు విజయవాడంటారు, కొడుకు ఉన్నాడని ఇంకొకరు హైదరాబాదంటారు. ఎముకల ఆపరేషన్ అయితే తిరుపతి, ఎక్కడా తేలనిదైతే వేలూరు అనేవాళ్లు రెండు జిల్లాల్లోనూ ఉన్నారు.

ఆరోగ్య బీమా గురించి రాస్తానని ఊళ్ల పేర్లు చెబుతున్నానేమిటి అనుకోకండి. రిటైరైనవాళ్లు పాలసీ ఎంచుకునేటప్పుడు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ‘ప్రీమియం ఎంత’ అని కాదు, ‘నేను నిజంగా ఎక్కడ చేరతాను’ అని. ఈ మాట నాకు మూడు పాలసీలు మార్చాక గాని తలకెక్కలేదు.

నేను ప్రైవేటు కాలేజీలో కామర్సు చెప్పి 2019లో రిటైరయ్యాను. పెన్షన్ లేదు. పీఎఫ్ డబ్బు, కొంచెం అద్దె. నాకిప్పుడు 67, ఇంటావిడకు 62. నాకు బీపీ, ఆవిడకు షుగర్. కాలేజీలో ఉన్నన్నాళ్లూ గ్రూపు పాలసీ ఉండేది, వీడ్కోలు సభలో శాలువా కప్పిన నెలకే అది ఆగిపోయింది. కామర్సు మాస్టారు గదా, లెక్కలు తెలుస్తాయని స్నేహితులు వాళ్ల పాలసీ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టేవాళ్లు. అలా చూసి చూసి తెలిసిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు, ఇప్పటికే ఉన్నదేమిటి?

ప్రైవేటు కంపెనీకి ఒక్క రూపాయి కట్టే ముందు, కట్టకుండానే మీకున్నదేమిటో చూసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనరైతే ఈహెచ్ఎస్, అంటే ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపైతే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుంది. మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలిచేది అదే. దాని పరిమితి 25 లక్షలు. నిర్ణీత జబ్బుల జాబితా ఉంటుంది, నెట్‌వర్క్‌లో, అంటే పథకంతో ఒప్పందంలో ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి.

70 నిండినవాళ్లకు ఇంకోటుంది. 2024 అక్టోబరు 29న కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను 70, ఆపై వయసు వాళ్లందరికీ వర్తింపజేసింది. ఆదాయంతో పని లేదు. ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ ఇద్దరికీ కలిపి. పాత జబ్బులకు ఇన్నేళ్లు ఆగాలనే నిరీక్షణ లేదు. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లు కూడా ఈ కార్డు తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగులది), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికులది) లాంటి కేంద్ర పథకాల్లో ఉన్నవాళ్లు మాత్రం అదో ఇదో ఎంచుకోవాలి. వైద్యం ప్యాకేజీల లెక్కన, జనరల్ వార్డులో జరుగుతుంది. ‘వార్డులో పది మంది మధ్య పడుకోలేం’ అనేవాళ్లకు అది నచ్చకపోవచ్చు గాని, 70 దాటినవాళ్లకు ప్రైవేటు ప్రీమియం ఎంతో ఒకసారి అడిగి చూడండి. తర్వాత వార్డు గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

కొడుకో, కూతురో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉండి కంపెనీ పాలసీలో తల్లిదండ్రులను చేర్చారా? అదీ లెక్కలోకి తీసుకోండి, కానీ దాని మీదే ఉండిపోవద్దు. వాడు ఉద్యోగం మారిన రోజున మీ పాలసీ పోతుంది. ఆ రోజుకు మీ వయసు 71 కావచ్చు, పైగా షుగర్ కొత్తగా వచ్చి ఉండవచ్చు.

ఐదు రకాలు, ఐదు రకాల బేరాలు

ఏజెంట్లు వంద పేర్లు చెబుతారు. మన వయసు వాళ్లకు అవన్నీ కలిపి ఐదు రకాలే.

మొదటిది మామూలు సమగ్ర పాలసీ. కోపే, అంటే బిల్లులో మన వాటా ఉండదు, గది అద్దెకు పరిమితి ఉండదు, ఖర్చయిపోయిన మొత్తం మళ్లీ నిండే సౌకర్యం ఉంటుంది. కానీ 60 దాటాక అడిగితే వైద్య పరీక్షలు చేయిస్తారు, షుగర్ ఉంటే ప్రీమియం పెంచుతారు, గుండెకు స్టెంట్ వేసి ఉంటే వద్దనేస్తారు కూడా. 2024 ఏప్రిల్ నుంచి, 65 దాటినవాళ్లకు కొత్త పాలసీ ఇవ్వకూడదనే అడ్డేమీ లేదు. అయితే అడ్డు లేదంటే ఇచ్చి తీరాలని కాదు. తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంది.

రెండోది ‘సీనియర్ సిటిజన్’ అని పేరులోనే పెట్టుకున్న పాలసీలు. ఇవి సులువుగా దొరుకుతాయి, కొన్నింటికి ముందస్తు పరీక్షలే ఉండవు. బదులుగా కోపే ఉంటుంది. బిల్లులో 20 శాతమో 30 శాతమో మీరే కట్టాలి. శుక్లాలకు ఇంత, మోకాళ్లకు ఇంత అని జబ్బువారీ పరిమితులు కూడా పెడతారు. ప్రీమియం తక్కువగా కనిపించేది అందుకే.

మూడోది ఆరోగ్య సంజీవని. 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ ఒకే పేరుతో, ఒకే షరతులతో అమ్ముతున్న పాలసీ. కోపే 5 శాతమే. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, రోజుకు గరిష్ఠంగా 5 వేలు. ఐసీయూకు 5 శాతం, గరిష్ఠంగా 10 వేలు. శుక్లాల ఆపరేషన్‌కు ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40 వేలు, ఏది తక్కువైతే అది. షరతులు అంతటా ఒకటే కాబట్టి ఇక్కడ మాత్రం ప్రీమియాన్ని పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. పొగతోటలో చేరేవాళ్లకు ఇది సరిపోతుంది. మద్రాసు కార్పొరేట్ ఆసుపత్రిలో రోజుకు 5 వేల గది అడిగితే మాత్రం రిసెప్షన్‌లోని అమ్మాయి మన వంక జాలిగా చూస్తుంది.

నాలుగోది బ్యాంకు ఖాతాదారులకు ఇచ్చే గ్రూపు పాలసీ. చవక. దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అక్కడ ఒప్పందం బ్యాంకుకీ బీమా కంపెనీకీ మధ్య. ఏ ఏడాదైనా షరతులు మారవచ్చు, కంపెనీయే మారవచ్చు. ఇప్పటికే అందులో ఉన్నవాళ్లు తొందరపడి వదులుకోవద్దు. గ్రూపు నుంచి అదే కంపెనీ సొంత పాలసీలోకి మారే వీలుంటుంది, అప్పటిదాకా గడిపిన నిరీక్షణ కాలమూ కలిసొస్తుంది.

ఐదోది సూపర్ టాపప్. దీని గురించి ఏజెంటు తనంతట తాను చెప్పడు, కమీషన్ తక్కువ. ఒక హద్దు పెట్టుకుంటారు, 5 లక్షలనుకోండి. ఏడాదిలో ఆసుపత్రి ఖర్చు ఆ హద్దు దాటితే దాటినదంతా ఈ పాలసీ ఇస్తుంది. ఆ 5 లక్షలు ఇంకో పాలసీ కట్టినా, ఈహెచ్ఎస్ కట్టినా, మీరే కట్టినా ఫర్వాలేదు. హద్దుకు పైన మాత్రమే కాబట్టి ప్రీమియం చాలా తక్కువ. ఉత్త ‘టాపప్’ అనేదీ ఒకటుంది, పేరు దగ్గరే జనం మోసపోతారు. ఒకే ఏడాదిలో ఒకసారి 3 లక్షలు, ఇంకోసారి 4 లక్షలు ఖర్చయితే ఉత్త టాపప్ ఏ బిల్లూ 5 లక్షలు దాటలేదని సున్నా ఇస్తుంది. సూపర్ టాపప్ రెండూ కలిపి 7 లక్షలని లెక్కేసి 2 లక్షలు ఇస్తుంది.

గది అద్దె దగ్గర నేను కట్టిన ఫీజు

2022లో మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి పేరు, కంపెనీ పేరు ఎందుకులెండి. విడి గది అడిగాను. ‘పాలసీ ఉంది గదా, గది అద్దెలో తేడా మనం కట్టుకుంటే పోయె’ అనుకున్నాను. ముప్పై ఏళ్లు అకౌంట్స్ చెప్పినవాణ్ణి, డిశ్చార్జి రోజు కాగితం చూసి కూలబడ్డాను. కోసింది గది అద్దెలో తేడా ఒక్కటే కాదు.

ఇది ఎలా జరుగుతుందో ఒక ఊహా లెక్కతో చెబుతాను. పాలసీ 5 లక్షలు, గది అద్దె పరిమితి 1 శాతం, అంటే రోజుకు 5 వేలు, కోపే 20 శాతం అనుకోండి. మీరు రోజుకు 8 వేల గది తీసుకుని ఐదు రోజులున్నారు. గది 40 వేలు. డాక్టర్, సర్జన్, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి లక్షా 20 వేలు. మందులు, పరీక్షలు, చేతి తొడుగుల్లాంటివి కలిపి 90 వేలు. మొత్తం రెండున్నర లక్షలు.

గదికి కంపెనీ ఒప్పుకునేది 25 వేలే. ఆగేది అక్కడ కాదు. 8 వేలల్లో 5 వేలకే అర్హత ఉంది కాబట్టి డాక్టర్, సర్జన్, థియేటర్ ఖర్చుల్ని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది. లక్షా 20 వేలు కాస్తా 75 వేలవుతుంది. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాల మీద ఈ కోత వేయకూడదని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది, కాబట్టి ఆ 90 వేలు నిష్పత్తి కోతకు రావు. అందులో తొడుగులు, మాస్కుల్లాంటి చెల్లించని సామగ్రి 8 వేలు తీసేస్తే 82 వేలు. ఇప్పటికి లక్షా 82 వేలు. దాని మీద 20 శాతం కోపే తీస్తే చేతికొచ్చేది 1,45,600. మీ జేబులోంచి 1,04,400.

అదే 5 వేల గదిలో ఉండి, మిగతా రేట్లు మారలేదనుకుంటే బిల్లు 2,35,000, కంపెనీ ఇచ్చేది 1,81,600, మీ జేబులోంచి 53,400. గది అద్దెలో తేడా 15 వేలు, మీకు పడిన తేడా 51 వేలు. కిటికీలోంచి ట్రంక్ రోడ్డు కనిపించే గది కోసం ఇంత పెట్టొచ్చా అనేది మీ ఇష్టం.

అందుకని రెండు పాలసీల మధ్య ఊగుతుంటే నేను మొదట చూసేది గది అద్దె పరిమితి. పరిమితి లేనిది దొరికితే ప్రీమియం కొంచెం ఎక్కువైనా అదే. ‘సింగిల్ ప్రైవేట్ గది దాకా’ అని రాసుంటే అదీ మంచిదే. ‘1 శాతం’ అని అంకె కనబడితే, మీరు చేరబోయే ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ డబ్బుకు అక్కడ ఏ గది వస్తుందో కనుక్కోండి.

కోపే సంగతి దానికన్నా సూటిగా ఉంటుంది, దాచేదేమీ లేదు. ప్రీమియంలో ఏడాదికి 12 వేలు మిగిలించి, 3 లక్షల బిల్లులో 30 శాతం, అంటే 90 వేలు కట్టడం మీకు సమ్మతమా? ఏడున్నరేళ్లకు ఒకసారి చేరితే సమం. మన వయసులో ఏడున్నరేళ్లు ఆసుపత్రి మొహం చూడకుండా ఉంటామా? ఉండగలిగితే సంతోషమే, నేనైతే పందెం కాయను.

మద్రాసులో చేరితే ఏమవుతుంది

ఇది నెల్లూరు వాళ్లం ప్రత్యేకంగా చూసుకోవాల్సింది. కొన్ని కంపెనీలు దేశాన్ని జోన్లుగా విడదీసి ప్రీమియం పెడతాయి. పెద్ద నగరాలు ఒక జోన్, మన లాంటి ఊళ్లు ఇంకో జోన్. నెల్లూరు చిరునామా ఇస్తే ప్రీమియం తగ్గుతుంది, మనకూ సంతోషం. తక్కువ జోన్ ప్రీమియం కట్టి ఎక్కువ జోన్ నగరంలో చేరితే బిల్లులో ఇంత శాతం మీరే భరించాలనే వాక్యం మాత్రం లోపలి పేజీల్లో ఎక్కడో ఉంటుంది. అన్ని కంపెనీల్లో లేదు. ఉన్నదాంట్లో చెన్నై, హైదరాబాద్ ఏ జోన్‌లో ఉన్నాయో కంపెనీని బట్టి మారుతుంది. ఏజెంటును నోటితో అడిగితే ‘ఇండియా మొత్తం చెల్లుతుంది సార్’ అంటాడు. అది నిజమే. చెల్లుతుంది, ఎంత చెల్లుతుందన్నదే ప్రశ్న. మెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి.

ఏడాదిలో ఆరు నెలలు బెంగళూరులో మనవడి దగ్గర ఉండేవాళ్లకూ ఇదే మాట. ఒంగోలు నుంచి హైదరాబాదు వెళ్లేవాళ్లకూ ఇదే. పిల్లలు అమెరికాలో ఉంటే మాత్రం ఇక్కడి మామూలు పాలసీ అక్కడ పనికిరాదు, ప్రయాణ బీమా వేరుగా తీసుకోవాలి.

తర్వాత నెట్‌వర్క్. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న జాబితా చూసి నమ్మకండి. ఒప్పందాలు ముగుస్తుంటాయి, కొత్తవి కుదురుతుంటాయి, ఆసుపత్రుల యాజమాన్యాలూ, పేర్లూ మారుతుంటాయి. మీరు చేరే అవకాశమున్న మూడు ఆసుపత్రుల పేర్లు కాగితం మీద రాసుకోండి: ఊళ్లోది ఒకటి, జిల్లా కేంద్రంలోది ఒకటి, మద్రాసులోనో హైదరాబాదులోనో ఒకటి. వాటి బీమా డెస్కుకు ఫోన్ చేసి ‘ఫలానా కంపెనీ క్యాష్‌లెస్ ఇప్పుడు నడుస్తోందా, ఈ మధ్య ఆపారా’ అని అడగండి. క్యాష్‌లెస్ అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం. ఆ డెస్కుల్లో కూర్చునే కుర్రాళ్లకు ఏ కంపెనీ అనుమతి త్వరగా ఇస్తుంది, ఏది సతాయిస్తుంది అన్నీ తెలుసు. సాయంత్రం రద్దీ తగ్గాక వెళ్లి మర్యాదగా అడిగితే చెబుతారు కూడా. నాకు ఏ వెబ్‌సైట్లోనూ దొరకని పోలిక అక్కడే దొరికింది.

నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ ఇవ్వాలని 2024 జనవరిలో బీమా కంపెనీల మండలి ఒక ఏర్పాటు చేసింది. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి చెప్పాలి. ఆసుపత్రికి కనీసం 15 పడకలుండాలి, ఆసుపత్రి ఒప్పుకోవాలి. మన వైపు చిన్న నర్సింగ్‌హోములు చాలా వాటికి ఈ పడకల లెక్కే అడ్డం.

క్యాష్‌లెస్ దొరికిన చోట సమయం విషయంలో ఇప్పుడు కాస్త నయం. 2024 మేలో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం అనుమతి అడిగిన గంటలోపు జవాబివ్వాలి, డిశ్చార్జికి తుది అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే అది కంపెనీయే భరించాలి.

నిరీక్షణ కాలం, దాచకూడని షుగర్

కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ ఇవ్వరు. శుక్లాలు, హెర్నియా, మోకాళ్ల మార్పిడి, ప్రోస్టేట్, మూత్రపిండాల్లో రాళ్లు లాంటి నిర్ణీత జబ్బుల జాబితాకు ఎక్కువ పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది 48 నెలలుండేది. మన వయసులో పాలసీ తీసుకునేదే ఈ జాబితాలో ఉన్న జబ్బుల కోసం. కాబట్టి మూడేళ్ల దానికీ, ఏడాది దానికీ మధ్య తేడాకు నేను ఎక్కువ ప్రీమియం కట్టడానికి సిద్ధపడతాను. ‘మోకాళ్లు వచ్చే వేసవిలో చేయించుకోవాలి, ఇప్పుడు పాలసీ తీసుకుంటా’ అని వచ్చిన మిత్రుడికి మాత్రం ఆ ప్రీమియం డబ్బు ఆపరేషన్‌కే దాచుకోమని చెప్పాను.

దరఖాస్తు నింపేటప్పుడు ‘షుగరుందని రాస్తే ప్రీమియం పెరుగుద్ది సార్, వదిలేయండి’ అనే ఏజెంటు మీకూ తగులుతాడు. వాడి మాట వినొద్దు. ఇది నీతి సంగతి కాదు. రేపు రాత్రి పదకొండుకు గుండెనొప్పితో చేరినప్పుడు డ్యూటీ డాక్టరు ‘షుగరుందా? ఎన్నాళ్ల నుంచి?’ అని అడుగుతాడు. కంగారులో ఉన్న ఇంటావిడ ‘పదేళ్లుగా ఉందయ్యా’ అంటుంది. అది కేసు షీటులో ఎక్కుతుంది. కంపెనీ ముందు చదివేది ఆ కాగితమే, క్లెయిమ్ పోయేదీ అక్కడే. మా ఆవిడకు షుగరుందని రాస్తే ప్రీమియం పెరిగింది నిజమే, కట్టాం. ఐదేళ్లు, అంటే 60 నెలలు ఆపకుండా కట్టాక, మోసమని రుజువు చేస్తే తప్ప, చెప్పలేదనే సాకుతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. అంతకుముందు ఇది ఎనిమిదేళ్లు.

దరఖాస్తు మీరే నింపండి, లేకపోతే చదివించుకుని సంతకం పెట్టండి. ఇప్పుడంతా ఫోన్లో ఓటీపీ చెప్పడమే సంతకం. ఓటీపీ చెప్పే ముందు ఏం నింపాడో చూపించమనండి.

ప్రీమియం, పన్ను, మార్చుకోవడం

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. అంతకుముందు 18 శాతం ఉండేది, 40 వేల ప్రీమియానికి 47,200 కట్టేవాళ్లం. ఎవరైనా పాత కొటేషన్ చూపిస్తే అడగండి.

60 దాటినవాళ్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతం కన్నా ఎక్కువ పెంచాలంటే తనను ముందుగా సంప్రదించాలని 2025 జనవరి 30న ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అంతకుముందు ఏడాది నా ప్రీమియం ఒక్కసారిగా ఎంత పెరిగిందో చెబితే మళ్లీ నాకు బీపీ పెరుగుతుంది. అయితే ఏటా 10 శాతమంటే కూడా ఏడేళ్లలో దాదాపు రెట్టింపు. ఇవాళ కట్టగలిగేది కాదు, 75వ ఏట కూడా కట్టగలిగేది చూసుకోండి. ముసలితనంలో మధ్యలో ఆపేసిన పాలసీ అంత నష్టం ఇంకోటి లేదు.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆరోగ్య బీమా ప్రీమియం మీద సీనియర్లకు 50 వేల దాకా మినహాయింపు ఉంది. ప్రీమియం నగదుగా కడితే రాదు. కొత్త విధానంలోకి మారినవాళ్లు ఈ పేరా మర్చిపోవచ్చు.

ఉన్న పాలసీ నచ్చకపోతే పోర్ట్ చేసుకోవచ్చు, అంటే ఇంకో కంపెనీకి మార్చుకోవచ్చు. రెన్యూవల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు, 60 రోజులకన్నా ముందు కాకుండా దరఖాస్తు పెట్టాలి. గడిపిన నిరీక్షణ కాలం పాత బీమా మొత్తం మేరకు కలిసొస్తుంది. కొత్త కంపెనీ కాదంటే పాతదాంట్లోనే ఉండాలి కాబట్టి, అవతలివాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా పాతది ఆపొద్దు. నేను రెండోసారి మారినప్పుడు చివరి వారం దాకా జవాబు రాలేదు. రోజూ మెయిల్ తెరిచి చూసిన టెన్షన్‌కు షుగర్ నాకూ వస్తుందేమోననుకున్నాను.

భార్యాభర్తలకు కలిపి ఒకటా, విడివిడిగానా? ఫ్లోటర్‌లో, అంటే కలిపి తీసుకున్నదాంట్లో, ప్రీమియం ఇద్దరిలో పెద్దవాళ్ల వయసును బట్టి వేస్తారు. నాకూ మా ఆవిడకూ ఐదేళ్ల తేడా, ఆవిడకు నా వయసు ప్రీమియం ఎందుకు కట్టాలి? పైగా ఒకరి షుగర్ వల్ల ఇద్దరి దరఖాస్తూ ఇరుక్కుంటుంది. విడివిడిగా తీసుకుని, పైన ఇద్దరికీ కలిపి ఒక సూపర్ టాపప్ పెట్టాం.

నేనైతే ఎవరికి ఏం చెబుతున్నాను

60 నుంచి 65 మధ్య ఉండి, మందులతో అదుపులో ఉన్న బీపీయో, షుగరో తప్ప ఏమీ లేనివాళ్లు సమగ్ర పాలసీకే ప్రయత్నించాలి. 5 లక్షల మూల పాలసీ, పైన 5 లక్షల హద్దుతో సూపర్ టాపప్. ఒక కంపెనీ కాదంటే ఇంకోదాన్ని అడగండి. ప్రీమియం పెంచి ఇస్తామంటే, కోపే ఉన్న పాలసీతో పోల్చి చూశాక కూడా ఎక్కువసార్లు ఇదే గెలుస్తుంది.

ప్రభుత్వ పెన్షనర్లు ఈహెచ్ఎస్ మీద ఇంకో పూర్తి పాలసీ కొనాల్సిన పని లేదని నా అభిప్రాయం. సూపర్ టాపప్ ఒక్కటి చాలు, హద్దు మేరకు పొదుపు పక్కన ఉంచుకోండి. ఈహెచ్ఎస్‌లో లేని మద్రాసు ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అది ఆదుకుంటుంది.

స్టెంట్లు పడినవాళ్లు, డయాలసిస్ దాకా వచ్చినవాళ్లకు మొదటి రకం దొరకడం కష్టం. కనిగిరి వైపు నుంచి నాకు ఫోన్ చేసేవాళ్లలో కిడ్నీ సమస్యలవాళ్లే ఎక్కువ. వాళ్లకు సీనియర్ పాలసీల్లో పాత జబ్బులకు నిరీక్షణ తక్కువున్నదాన్ని చూడమంటాను, కోపే ఉన్నా సరే. డయాలసిస్‌కు 24 గంటలు చేరి ఉండనక్కర్లేదు, డే కేర్ కింద ఇస్తారు. కానీ మొదటి ఏడాది, రెండేళ్లు ప్రభుత్వ పథకమే దిక్కు.

75 దాటి ఇప్పటిదాకా ఏ పాలసీ లేనివాళ్లకు, నిజం చెప్పాలంటే, ప్రైవేటు బేరం గిట్టదు. ఆయుష్మాన్ కార్డు తీసుకుని, ప్రీమియం కట్టాలనుకున్న డబ్బు ఏటా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకోమంటాను. దాన్ని ఇంకెందుకూ కదపకూడదు, మనవరాలి పెళ్లికి కూడా.

పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చలేదని వెనక్కిచ్చేయవచ్చు. ఆ నెలలో చేయాల్సింది వినియోగదారు సమాచార పత్రం చదవడం. రెండు మూడు పేజీల్లో కోపే, పరిమితులు, నిరీక్షణ అన్నీ అందులో ఉంటాయి. అడిగితే తెలుగులో ఇవ్వాలని నిబంధన ఉంది. నేను అడిగినప్పుడు అవతలి అమ్మాయి ‘తెలుగులోనా సార్?’ అని ఆశ్చర్యపోయింది, పన్నెండు రోజులకు పంపింది.

క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదు విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. మన రాష్ట్రానికి హైదరాబాద్ కార్యాలయం. 50 లక్షల దాకా వివాదాలు వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. నా గది అద్దె కోత సంగతిలో నేను వెళ్లలేదు. పాలసీలో రాసే ఉంది, చదవకపోవడం నా తప్పు.

మా ఇంట్లో పాలసీ నంబర్లు, కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ ఫోన్ నంబరు, ఆ మూడు ఆసుపత్రుల పేర్లు, ఏ గది తీసుకోవచ్చో అంతా ఒక కాగితం మీద రాసి వంటింటి తలుపు వెనక అంటించాం. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కోడలు దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుంది. మా వాడు ఇంకా తీసుకోలేదు.